పిండికట్టు విప్పిన కాలు

మా ఆయన నర్సయ్య మంచివాడే గానీ ఒట్టి మొండిఘటం. సోలాపూర్ సాలెవాళ్ల గల్లీలో గుంత మగ్గం మీద చద్దర్లు నేసేవాడు. జ్వరం కాస్తున్నా మగ్గం వదిలేవాడు కాదు. అలాంటి మనిషి పందొమ్మిది వందల యాభై ఆరు వానాకాలంలో తడిబండ మీద జారిపడి కుడికాలు విరగ్గొట్టుకున్నాడు. దవాఖానాలో పిండికట్టు వేసి, రెండు నెలలు కదలొద్దన్నారు. ఆయన్ని మంచానికి కట్టేసినంత పని చేశాను.

కట్టు విప్పిన రోజు చూద్దును కదా, పిక్క అనేదే లేదు. చర్మం వదులై, కాలు నా ముంజేతి లావుకు వచ్చింది. మగ్గం చెక్క తొక్కాల్సిన కాలు అది. ఈయన మళ్లీ నేస్తాడా, కుంటివాడై మూల కూర్చుంటాడా?

డాక్టర్ నన్నొక్కదాన్నే వరండాలోకి పిలిచాడు. ఎముక అతుక్కుంది, ఇవాళ్టి నుంచే కర్రతో నడిపించమన్నాడు. ఆ పుల్లలాంటి కాలు మీద బరువు పెడితే మళ్లీ విరగదా? చదువుకున్నవాళ్లకేం, చెప్తారు. ఇంకో రెండు నెలలు కాలు కింద పెట్టొద్దన్నాడని ఆయనతో చెప్పేశాను. అబద్ధమే. భయం ఆడించింది, నేను ఆడాను.

ఇక మేపడం మొదలుపెట్టాను. మేక కాళ్ల పాయా, గుడ్లు, పప్పు. బీడీలు చుడుతూనే ఒక కన్ను మంచం మీద ఉంచేదాన్ని. కాలు దించబోతే కసిరేదాన్ని. పొట్ట పెరిగింది, పిక్క పెరగలేదు. వారం వారం నూలుపోగు చుట్టి కొలిస్తే ప్రతిసారీ ఇంకాస్త పోగు మిగిలేది.

గడువు తీరాక మళ్లీ దవాఖానాకు వెళ్లాం. డాక్టర్ పిక్క నొక్కి చూసి మొహం మాడ్చుకున్నాడు. కండలోని మాంసకృత్తులు రోజూ కొంత కరుగుతాయట, రోజూ కొంత కొత్తవి తయారవుతాయట. పని లేకపోతే కరిగేదే ఎక్కువట. లోపలి పోగులు తెగవుగానీ సన్నబడిపోతాయట. కాలు కదలకుండా ఎన్ని గుడ్లు మింగినా కండ పట్టదన్నాడు. పోయింది తిరిగొస్తుంది గానీ ఎంత వస్తుందో చెప్పలేనన్నాడు. నడిపించమని నీ భార్యకు చెప్పి పంపాను కదా, ఎందుకు నడవలేదని ఆయన్నే నిలదీశాడు.

మా ఆయన ఒక్కసారి నావైపు చూశాడు.

"చెప్పింది సాబ్. నాకే భయమైంది."

టాంగాలో దారంతా తన కాలుకేసే చూస్తూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. గల్లీ మొదట్లో టాంగా ఆపించి, నా చెయ్యి పట్టుకుని దిగాడు.

"సావిత్రీ, ఆ దినం డాక్టర్ ఏమన్నడో ఉన్నది ఉన్నట్టు చెప్పు."

ఏడుస్తూ అంతా చెప్పాను. విన్నాడు. కాలు వణుకుతోంది. మా ఇల్లు ఇంకా పది గడపల అవతల ఉంది.

"ఇగ చెయ్యి ఇడువు."

"పడ్తవయ్యా."

"పడ్తే పడ్త. ఇడువు."

రెండు నెలలు ఆ కాలిని ఎండగట్టింది నేనేనని తెలిసింది. తెలిసి కూడా, నా వేళ్లు విప్పుకోవడానికి చాలాసేపు పట్టింది.