సగం గీసిన గడ్డం

మాంట్రియల్‌లోని సాంతాన్రీ పేటలో సెలూన్ నడిపే ఓవిలాకు ఏళ్ల తరబడి ఒకటే దిగులు: ప్రభుత్వం తనను ప్రమాదకరమైన మనిషిగా గుర్తించడం లేదు. కుర్చీలో కూర్చున్న ప్రతివాడికీ క్షవరంతోపాటు కెనడా నుంచి కెబెక్ స్వాతంత్ర్యం గురించి ఉపన్యాసం కూడా దక్కేది. 1970 అక్టోబరులో అదే స్వాతంత్ర్యం కోరే బాంబుల ముఠా ఒక దౌత్యవేత్తనూ ఒక మంత్రినీ ఎత్తుకుపోయేసరికి ఆయన గొంతు మారింది. కానిస్టేబుల్ రోజేర్ గడ్డం గీయించుకోవడానికి వచ్చినప్పుడైతే, ముందు అందర్నీ లోపలెయ్యమని, అడిగేది తర్వాత అడగొచ్చని అతనికి సలహా కూడా ఇచ్చాడు.

వీధుల్లోకి సైన్యం దిగింది. ఒక శుక్రవారం తెల్లవారకముందే పోలీసులు తలుపు బాదారు. ఓవిలాకు లోపల కొంచెం గర్వంగానే ఉంది. పెళ్లినాటి కోటు తొడుక్కుని వచ్చాడు. వాళ్లు ఆయన్ని పక్కకు జరగమని చెప్పి భార్య యూగెట్‌ను తీసుకుపోయారు. ఆమె చేసిందల్లా అద్దె ఇళ్లకు వేడినీళ్లు కావాలని చర్చి కింది గదిలో సమావేశాలు పెట్టడమే. "నేను కాదా?" అని వాళ్లను అడిగినట్టు గుర్తొచ్చి ఓవిలా తర్వాత సిగ్గుతో చచ్చిపోయాడు.

ఆమె ఎక్కడుందో స్టేషనులో ఎవరూ చెప్పలేదు. వకీలును పంపడానికీ ఒప్పుకోలేదు, కొత్త చట్టమట.

మర్నాడు రోజేర్ మామూలుగా వచ్చి కూర్చున్నాడు. ఒక చెంప గీశాక ఓవిలా కత్తిని అతని గొంతు దగ్గర ఆపాడు.

"యూగెట్ ఎక్కడుంది?"

"చెప్పకూడదు ఓవిలా."

"కత్తి ఎవరి చేతిలో ఉందో చూసుకో."

"మావాళ్లూ లోపల ఇట్లాగే అడుగుతున్నారు. నువ్వు బాగా పనికొస్తావు."

అద్దంలో ఓవిలాకు జీవితంలో మొదటిసారి ఒక ధీరుడు కనిపించాడు. ఎదుటివాడి చేతులేమో మెడకు కట్టిన గుడ్డ కింద ఉన్నాయి. ఆ ధీరుడు ఆయనకు నచ్చలేదు. కత్తి బల్లమీద పెట్టేశాడు.

"తూర్పు వైపు జైల్లో ఉంది" అన్నాడు రోజేర్. "చలిగా ఉంది, ఉన్ని మేజోళ్లు పట్టుకెళ్లు."

"కేసేమిటి?"

"ఏమీ లేదు. అడిగేది తర్వాత అన్నావుగా. ఆ తర్వాత ఇంకా రాలేదు."

రెండో చెంప గీసి, దుకాణం మూసి, ఓవిలా ఇంటికి పరుగెత్తాడు. దేశాన్ని ఎలా నడపాలో పేటంతటికీ చెప్పిన మనిషికి భార్య మేజోళ్లు ఏ సొరుగులో ఉంటాయో తెలియలేదు. అన్నీ లాగి చూసి, చివరికి తనవే రెండు జతలు కాగితంలో చుట్టుకుని బయల్దేరాడు.