మరియమ్మ వద్దన్న చేను

కార్తీకంలో గురజాల దగ్గర ఒక మిరపచేను చూసి నా కాళ్లు ఆగిపోయాయి. నల్లరేగడిలో మోకాలెత్తు పచ్చదనం, నిండా తెల్లటి పూత. కెమెరా తీసేలోపే, ఆ చేను కౌలుకు చేస్తున్న మరియమ్మ చేతులడ్డం పెట్టింది. "వొద్దయ్యా, పూత మీదుంది. దిష్టి తగులుద్ది." "చర్చికెళ్తావు కదా పిన్నీ, నీకు దిష్టేంది?" అని ఆమె మెడలో సిలువ చూసి నవ్వాను. "యేసయ్య యేసయ్యే, దిష్టి దిష్టే. కాయ ఎర్రబడ్డాక రా, ఎన్నైనా తీసుకో" అంది. పల్లెల్లో ఫొటోలు తియ్యడానికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: చేను ఎవరిదో వాళ్లు వద్దంటే వద్దు. ఫోన్ నంబరిచ్చి వచ్చేశాను. మొన్న ఆమే ఫోన్ చేసి, "ఒకసారి రా అయ్యా" అంది. కాయ ఎర్రబడిందనుకుని సంబరంగా బయల్దేరాను.

నరసరావుపేటలో ఆరింటి బస్సెక్కితే పిడుగురాళ్ల మీదుగా రెండు గంటల్లో గురజాల చేరుకోవచ్చు. టికెట్టు వంద లోపే. దారంతా పొగమంచు, దానికి తోడు సున్నపు బట్టీల దుమ్ము. తెల్లారినట్టే అనిపించలేదు. బస్టాండు బయట టీ తాగి, మస్తాన్ అనే ఆయన ఆటోను రానూపోనూ నాలుగొందలకు మాట్లాడుకున్నాను. మిరపచేను ఫొటోలకని చెబితే అద్దంలోంచి నన్ను అదోలా చూశాడు. "ఈ ఏడు మిరప ఏడుంది సారూ? తామరపురుగు ఊడ్చిపెట్టింది. చానామంది చేలల్లోకి గొర్రెల్ని తోలేశారు."

చేను గుర్తుపట్టలేకపోయాను. ఆకులు ముడుచుకుపోయి మొక్కలు మాడి ఉన్నాయి, మధ్యలో గొర్రెలు తిరుగుతున్నాయి. గట్టు మీద కూర్చున్న మరియమ్మ లేచి ఎదురొచ్చింది.

"అయ్యా, ఆ పొద్దు ఫొటో తీశావా? ఒక్కటైనా?"

"నువ్వు వద్దన్నావు కదా పిన్నీ."

"అన్నాననుకో. నాకు తెలవకుండానైనా తీసుంటావేమోనని..."

పొలం ఆసామి పట్నంలో ఉంటాడట. ఆమె వేళకు మందు కొట్టలేదని, అందుకే పైరు చచ్చిందని ఎవరో ఆయన చెవినేశారు. వచ్చే ఏడు పొలం వేరేవాళ్లకిస్తానన్నాడు. పూత మీదున్న చేను చూపిస్తే నమ్ముతాడని ఆమె ఆశ. దిష్టి భయంతో ఇంట్లోవాళ్లను కూడా ఫోనులో తియ్యనివ్వలేదట.

ఉండబట్టలేక ఆసామికి నేనే ఫోన్ చేశాను. ఫొటోలు తీసేవాణ్ననీ, చేను నా కళ్లతో చూశాననీ, అంత పచ్చటి పైరు ఆ చుట్టుపక్కల లేదనీ చెప్పాను. ఆయన మర్యాదగానే విన్నాడు. "అంత బాగుంటే మీరెందుకు తియ్యలేదండీ?" అన్నాడు. దిష్టని ఆమె వద్దందన్నాను. ఆయన పెట్టేశాడు.

"పోనీ ఇదన్నా తియ్యి" అంది మరియమ్మ. తీసి చూపించాను. చాలాసేపు చూసి, "దీంట్లో మా కష్టం ఏడ కనపడుద్దయ్యా?" అని కెమెరా నా చేతికిచ్చేసింది.

తిరుగు బస్సులో ఏడుపొచ్చింది. నా నియమం తప్పని ఇప్పటికీ అనను. రేపు ఇంకొకరు వద్దన్నా ఆగుతాను. కానీ ఆ పొద్దు దొంగచాటుగానైనా ఒక్కటి నొక్కి ఉంటే ఎంత బాగుండేదో! అటు వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. రైతు ఫొటో వద్దంటే కెమెరా లోపల పెట్టేయండి. కానీ వాళ్ల ఫోనులో, వాళ్ల చేతే ఒకటి తీయించి రండి. ఎవరికీ చూపించక్కర్లేదని చెప్పండి. రాకూడదు గానీ, చూపించాల్సిన రోజొస్తే వాళ్ల దగ్గరుంటుంది.