బాలింత ఇంట్లో బాయిలరు

అరవైల చివర్లో, షెఫీల్డులో మేం అద్దెకున్న ఇంట్లో ఓ పాత గ్యాస్ బాయిలరు ఉండేది. వంటింటి గోడకు బిగించిన ఇనప పెట్టె. ఇంటికంతటికీ వేడినీళ్లు అదే ఇవ్వాలి. ఆ చలికాలం అది నా ప్రాణం తోడేసింది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి, కోటు కూడా విప్పకుండా దాని ముందు గొంతుక్కూర్చునేవాణ్ణి. బొత్తాం నొక్కిపట్టి, అగ్గిపుల్ల గీసి, లోపల చిన్న మంట అంటుకున్నాక ఇరవై లెక్కపెట్టి మెల్లిగా వేలు తీయాలి. తీయగానే టప్పున ఆరిపోయేది. దిక్కుమాలిన బాయిలరు! మళ్లీ పుల్ల, మళ్లీ ఇరవై. పది పన్నెండు పుల్లలకు ఓసారి దయతలచి వెలిగేది.

అప్పుడు ఇంట్లో బాలింత ఉంది. మా అమ్మాయి పుట్టి నెల కూడా కాలేదు. మా ఆవిడకు పురుడు పోయడానికి అక్కడ తల్లీ లేదు, అత్తా లేదు. ఉన్నదల్లా నేనూ, కాకినాడ నుంచి మా అమ్మ రాసే ఉత్తరాలూ. "ఒరే అబ్బాయీ, బాలింతకు పైగాలి తగలనివ్వకు. చెవుల్లో దూది పెట్టుకోమను, తలకు గుడ్డ కట్టుకోమను. ఇప్పుడు గాలి చేరిందంటే ముసలితనం దాకా తలనొప్పి వదలదు" అని ప్రతి ఉత్తరంలోనూ అదే పాట.

నేను డాక్టర్ని. ఇలాంటి మాటలు పేషెంట్లు చెబితే లోపల్లోపల నవ్వుకునేవాణ్ణి. కానీ అమ్మ చెబితే వేరు కదా! గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో ఇల్లంతా వెతికాను. వంటింటి గోడలో, నేలకు జానెడెత్తున, ఇనప జల్లెడ బిగించిన కంత ఒకటి కనిపించింది. చలిగాలి అందులోంచి రయ్యిమని కొడుతోంది. ఈ ఇల్లు కట్టినవాడికి బుద్ధుందా అని తిట్టుకుని, నా పాత పంచె చింపి అందులో కుక్కి, పైన అట్టముక్క అంటించాను. కిటికీ సందుల్లో కూడా పేపర్లు దూర్చాను. నా అంత మంచి మొగుడు ఎక్కడుంటాడని మురిసిపోయాను కూడా.

వారం తిరక్కుండా మా ఆవిడకు తలనొప్పి పట్టుకుంది. ఇంట్లో కాస్త వెచ్చగా ఉండే గది వంటిల్లు ఒక్కటే కాబట్టి పగలంతా పిల్లతో అక్కడే ఉండేది.

"ఏవండీ, తల పగిలిపోతోందండీ. కడుపులో తిప్పుతోంది."

"గాలి చేరుంటుంది. చెవుల్లో దూది పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నానండీ. పిల్లని బండిలో వేసుకుని వీధి చివరిదాకా వెళ్తే తగ్గిపోతోంది. ఇంట్లోకొస్తే మళ్లీ మొదలు."

"బాగుంది! తలనొప్పికి వీధులు తిరగడం మందని ఎవరు చెప్పారు నీకు?"

ఒకరోజు ఏడ్చేసింది. "నన్ను మా అమ్మ దగ్గరికి పంపించెయ్యండి. ఈ ఇంట్లో ఉంటే నేను బతకనండీ" అంది. పుట్టింటి మీద బెంగ అనుకున్నాను. రెండు మాత్రలు చేతిలో పెట్టి వెళ్లి పడుకున్నాను. అంత అలసటగా ఉండేది నాకు. పిల్ల మాత్రం ఏడవకుండా ఎప్పుడూ మగతగా పడుకునేది. ఎంత బుద్ధిమంతురాలో అని ఇద్దరం అనుకునేవాళ్లం. ఆ మాట ఇప్పుడు తలచుకున్నా నా ఒళ్లు జలదరిస్తుంది.

ఒక పొద్దున అగ్గిపెట్టె అంతా అయిపోయినా బాయిలరు వెలగలేదు. విసిగిపోయి గ్యాస్ వాళ్లకు కబురు పెట్టాను. మధ్యాహ్నానికి ఒక పెద్దాయన సంచీతో వచ్చాడు. బాయిలరు పైన గోడకు పట్టిన మసి చూశాడు. తలకు గుడ్డ కట్టుకుని కూర్చున్న మా ఆవిడను చూశాడు. పనిముట్లు తీయకుండా, ముందు వెళ్లి పెరటి తలుపు బార్లా తెరిచాడు.

"చంటిపిల్ల ఉందయ్యా, తలుపు వెయ్యి!" అని అరిచాను. ఆయన వినిపించుకోలేదు.

"తలనొప్పిగా ఉంటోందా, లవ్?" అని మా ఆవిణ్ణి అడిగాడు. ఆ ఊళ్లో అందరూ అందర్నీ అలాగే పిలుస్తారు. ఆవిడ ముందు నావైపు చూసి, తర్వాత అవునని తలూపింది.

"బయటికెళ్తే తగ్గుతోందా?"

"యెస్," అంది మా ఆవిడ.

ఆయన మోకాళ్ల మీద పాకుతూ గోడలు వెతికాడు. అట్టముక్క పీకి, నా పంచె బయటికి లాగాడు. "మంటకి గాలి కావాలి డాక్టర్. గాలి లేకపోతే సగం సగం కాలుతుంది, విషం కక్కుతుంది. ఇది వెలగనన్ని రోజులూ మీ అదృష్టం అనుకోండి," అన్నాడు.

వాసనైనా రాకుండా తలనొప్పీ మగతా తెచ్చే ఆ విషవాయువు గురించి నేను పరీక్షలో రాసి పాసైనవాణ్ణి. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది నా బతుకు. పిల్లని చలిగాలిలోకి తీసుకెళ్లి, బుగ్గ మీద గట్టిగా తట్టాను. కాసేపటికి కెవ్వుమంది. అంతకంటే తీయని చప్పుడు నేను వినలేదు.

ఆయన మసంతా దులిపి బాయిలరు బాగుచేస్తుండగానే, ఇద్దరినీ మా ఆసుపత్రికి తీసుకెళ్లాను. డ్యూటీలో ఉన్నది నాకంటే చిన్నవాడు, ఇంగ్లీషు కుర్ర డాక్టరు. ఎప్పట్నుంచి, ఎక్కడ, ఎప్పుడు ఎక్కువ, ఎప్పుడు తక్కువ అని మా ఆవిణ్ణే అడిగాడు. ఆవిడకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల కోసం ఓపిగ్గా ఆగాడు. నేను అందించబోతే చేత్తో వద్దన్నాడు. రక్తం తీసి చూసి, భయం లేదన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పిల్ల నా ఒళ్లో ఉంది. ఏదో ఒకటి అనాలి కదా అని, "నన్ను క్షమించు, నేనే పోల్చుకోలేకపోయాను," అన్నాను.

మా ఆవిడ చెవుల్లో దూది తీసి కిటికీలోంచి పారేసింది. గొంతులో కోపం కూడా లేదు.

"ఆ డాక్టరబ్బాయి నేను చెప్పిందంతా కాగితం మీద రాసుకున్నాడండీ," అంది.