గాలి తీసేసిన పటం

2013. అరసవల్లి గుడికి వెళ్లే దారిలో నాది పటాలు కట్టే దుకాణం. దేవుళ్లు, పెళ్లిళ్లు, పోయినవాళ్లు, బైబిలు వాక్యాలు, అన్నీ నా చేతిమీదుగా గోడలెక్కినవే. ఒకరోజు నౌపడ వైపు నుంచి ఒక ముసలాయన గుడ్డసంచిలో లిథోగ్రాఫ్ తెచ్చాడు. రాతిమీద బొమ్మ గీసి కాగితంమీద తీసిన అచ్చును అలా అంటారు. బొమ్మలో ఉన్నది యాట్, అంటే పందేల కోసం కట్టిన చెక్క తెరచాప పడవ. కుర్రతనంలో బొంబాయిలో ఆ పడవ మీదే పనిచేశాడట. వచ్చేసేటప్పుడు యజమాని ఈ బొమ్మ ఇచ్చాడట.

"ఆ కాలానిదంటూ నాకాడ మిగిలింది ఇదొక్కటేనమ్మా" అన్నాడు.

అంచులు చెదలు తినేసి కాగితానికి ఒక ఆకారం లేదు. బొమ్మలో నీళ్ల గీతలే తప్ప ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. పడవ మీది తెరచాప కొయ్య మాత్రం బాగా పక్కకు ఒరిగి ఉంది. ఎవడో కాగితాన్ని వంకరగా కోశాడనుకున్నాను. నా పనిలో నేను ఇంకొకరిని అడగడమేమిటి? కొయ్యను నిటారుగా నిలబెట్టి, దానికి తగ్గట్టు నాలుగు వైపులా కోసి, మౌంట్ వేశాను. బొమ్మకూ చట్రానికీ మధ్య కనిపించే అట్ట అంచే మౌంట్. కోసిన ముక్కలు చెత్తలో పోయాయి.

వారం తర్వాత ముసలాయన వచ్చి పటాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు.

"గాలేటైపోనాదమ్మా?"

"గాలేటి తాతా?"

"పడవ నిలబడిపోనాది. గాలి నేదు."

"ఒంకరగా ఉంటే సరిచేశాను. ఒంకర బొమ్మ ఎవలైనా గోడకి పెట్టుకుంటారా?"

ఆయన వేలు పడవ అంచున వరసగా కూర్చున్న నలుగురి దగ్గర ఆగింది. "గాలికి పడవ అటేపు ఒంగితే, తిరగబడిపోకుండా మేం ఇటేపు కూకుని ఎనక్కి వాలతాం. పందెమంటే అదేనమ్మా. నువ్వు పడవని నిలబెట్టీసినావు. మరి మేం ఇక్కడ కూకుని ఏటి సేస్తన్నట్టు?"

నేను డిగ్రీలో ఫిజిక్స్ చదివినదాన్ని. అయినా ఈ లెక్క నాకు తట్టలేదు.

చట్రం విప్పి బొమ్మను మళ్లీ వాల్చి చూశాను. మూలలు పోయాయి కదా, వాలిస్తే కొయ్య కొస, పడవ ముక్కు మౌంట్ కింద దాగిపోతున్నాయి.

"ఒగ్గీ తల్లీ, ఇంకా కోసీగలవు" అని ఆపేశాడు. "పటాన్నే ఒంకరగా ఏలాడేసుకుంటాను. తాగినోడి కొంపనుకుంటారు, అనుకోనీ."

మరుసటి ఏడాది ఆయన భార్య చేపలమ్మడానికి వచ్చి, నా దుకాణం మెట్టు మీద గంప దించింది. పటం సంగతి అడిగాను.

"ఇంటికొచ్చిన పెతీవోడూ దాన్ని సరిసేసి పోతాడు. ఈయన బల్లెక్కి మళ్లీ ఒంచుతాడు. ఇప్పుడు మోకాళ్లు పట్టీసి ఎక్కలేకపోతన్నాడు. ఎంత ఒంచాలో నాకేటి తెలుస్తాది? తిన్నగానే ఒగ్గీసినాను."

ఇప్పుడు ఎవరు పటం తెచ్చినా, అందులో ఏముందో వాళ్లచేత చెప్పించుకున్నాకే కత్తి పడతాను. విసుక్కునేవాళ్లు విసుక్కోనీ. ఆ రోజు అడగాల్సింది ఒక్క మాటే: ఇదెందుకు ఒరిగి ఉంది తాతా?