వేళ్లు లేని మొక్కలు

ఎనభైల్లో నేను నూజివీడులో పీజీ చదువుతున్నాను. వనమహోత్సవం రోజు మామిడి మొక్కలు తెచ్చే లారీ హనుమాన్ జంక్షన్‌లో ఆగిపోయింది. ముఖ్య అతిథి వచ్చే వేళయింది.

"హాస్టల్ వెనక మామిడి కొమ్మలు నరికి గుంతల్లో పాతెయ్యండయ్యా, ఫొటోకి చాలు" అన్నారు లెక్చరర్ గారు. మొదటి కొమ్మ నరికింది నేనే.

తొలి నీళ్లు పోయడానికి పిలిచిన రైతు మా నాన్న. మామిడికి అంటు కట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి. కొమ్మ పట్టుకోగానే ఆయనకు తెలిసిపోయింది. నావంక ఒకసారి చూసి, చెంబెడు నీళ్లూ పోశారు. అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గులేకుండా నేనూ కొట్టాను.

కొమ్మలు వారంలో ఎండిపోయాయి. ఫొటో మాత్రం కాలేజీ గోడెక్కింది.

మరుసటేడు పట్టా అందుకునే రోజు నాన్నను రమ్మన్నాను.

"దానికైనా వేళ్లున్నాయంట్రా?" అన్నారు. రాలేదు.

ఆ పట్టాను ఇంతవరకూ గోడకు తగిలించలేదు.