కనీజ్ ఫాతిమా కుర్చీ

కనీజ్ ఫాతిమా మా ఇంటికొచ్చి, థాయిలాండ్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి వెళ్తున్నానని చెప్పినప్పుడు నేను దోసెలు పోస్తున్నాను. ఒక దోసె మాడిపోయింది. ఆశ్చర్యంతో కాదు. మనిషి మాట్లాడుతుండగా అట్లకాడ ఆడించకూడదని నాకో మర్యాద ఉంది, అందుకని.

అది 2007. సింగపూర్‌లోని పాసిర్ రిస్‌లో మా ఫ్లాటు తొమ్మిదో అంతస్తు, వాళ్లది పదకొండు. ఆమెది బోధన్, నాది ఒంగోలు. మన దేశంలో ఉండి ఉంటే ఒకరి మొహం ఒకరం చూసి ఉండేవాళ్లం కాదు. ఇక్కడ లిఫ్టులో తెలుగు వినిపించింది కాబట్టి అక్కాచెల్లెళ్లమయ్యాం, కాబట్టి కొట్లాడుకునేవాళ్లం. ఆ రోజుల్లో పొద్దున్నే ఎక్స్‌పో స్టేషన్లో రైలు తలుపు తెరుచుకుంటే, మెడలో ఆఫీసు కార్డు వేలాడని తెలుగువాడు ఒక్కడు కనిపించేవాడు కాదు. మా ఆయన, ఆమె భర్త రషీద్, చాంగీ బిజినెస్ పార్కులో ఒకే భవనంలో చేసేవారు. ఏం పని అని ఇద్దరినీ విడివిడిగా అడిగాను. ఇద్దరూ "సపోర్టు" అన్నారు. దేనికి సపోర్టో నాకు ఇప్పటికీ తెలియదు. జీతం వచ్చేది, అడగడం మానేశాను.

కనీజ్ మాత్రం ఏం చేసేదో స్పష్టంగా చెప్పగలిగిన మనిషి. హైదరాబాదులో, టోలీచౌకీ సందులో ఒక చిన్న స్కూల్లో, నాలుగో తరగతికి ఇంగ్లీషు చెప్పేది. సింగపూర్ వచ్చాక ఏడేళ్లపాటు ట్యూషన్ సెంటర్లకు ఫోన్లు చేసింది. అందరూ చాలా మర్యాదగా మాట్లాడి, తర్వాత కబురు చేస్తామన్నారు. ఒకావిడ మాత్రం నిజం చెప్పింది. మీ ఇంగ్లీషులో తప్పేం లేదు, కానీ ఇక్కడి తల్లిదండ్రులకు వేరే గొంతు కావాలి అంది. ఆ మాట కనీజ్ నాకు చెప్పినప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం మంచిగనే చెప్పింది పాపం అని టీ తాగింది.

ఇంట్లో పరిస్థితి ఇంకా ఘోరం. కూతురు నిదాకు పన్నెండేళ్లు. ఇక్కడే పెరిగిన పిల్ల. తల్లి హోంవర్క్ చూడబోతే పుస్తకం మూసేసేది. అది చాలక స్కూల్లో టీచర్ల మీటింగుకు వెళ్లేముందు తల్లికి జాగ్రత్తలు చెప్పేది. "అమ్మీ, యూ డోంట్ టాక్ సో మచ్ లా. లెట్ అబ్బా టాక్." కనీజ్ వెళ్లి, నవ్వుతూ కూర్చుని, నవ్వుతూ వచ్చేది. ఎమ్మే బీఈడీ చదివింది నవ్వడానికి.

టోవా పాయోలో ఒక స్వచ్ఛంద సంస్థ ఉందని, వాళ్లు థాయిలాండ్ పల్లె బడులకు ఇంగ్లీషు టీచర్లను ఆర్నెల్లకు పంపుతారని ఆమెకు ఎవరు చెప్పారో గానీ, అప్పట్నుంచి వాళ్లకు ఫోన్లు మొదలయ్యాయి. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లే కావాలని వాళ్లు మొదటిరోజే చెప్పారు. ఆమె మర్నాడు మళ్లీ చేసింది. రషీద్ మంచివాడే. "సెలెక్ట్ ఐతే పో" అన్నాడు, కాదనే నమ్మకంతో. ఈలోగా వెళ్లాల్సిన ఒకమ్మాయి కాలు విరగ్గొట్టుకుంది. బడి తెరిచే రోజు ముంచుకొచ్చింది. ఆ సంస్థవాళ్లకు అప్పటికి కంఠస్థం వచ్చిన ఫోన్ నంబరు కనీజ్‌దొక్కటే.

"సెలెక్టయిన అక్కా. ఆర్నెల్లు గాదు, ఆరు వారాలే" అంది మాడిన దోసె వంక చూస్తూ.

"రషీద్ భాయ్ ఏమన్నాడు?"

"ఏమంటడు. తనే గదా పొమ్మన్నది."

నిదా ఏమందని అడగలేదు. లిఫ్టులో ఆ పిల్లే చెప్పింది. "ఆంటీ, మై మదర్ టీచింగ్ ఇంగ్లీష్. లైక్ దట్ ఆల్సో కెన్?" నేనూ ఇక్కడి మాటలోనే కెన్ అన్నాను, కుదురుతుందని.

బడి ఉదోన్ థానీ పట్నం దాటాక ఒక పల్లెలో ఉంది. బడి గేటుకు గుడ్డ బ్యానరు కట్టారు, విదేశీ టీచరుకు స్వాగతం అని. పక్కన ఎక్కడి నుంచి తెచ్చారో, బంగారు జుట్టున్న అమ్మాయి బొమ్మ. వ్యాన్లోంచి చామనఛాయ మనిషి ఒకతె, తలకు స్కార్ఫు కట్టుకుని, ఆవకాయ సీసా ఉన్న సంచి పట్టుకుని దిగింది. చూడ్డానికొచ్చిన తల్లిదండ్రులు ఆమెకు నమస్కారం పెట్టి, ఆమె భుజం మీదుగా వ్యాన్లోకి చూశారు. ఇంకెవరైనా దిగుతారేమోనని. డ్రైవరు దిగాడు.

అక్కడ అన్నానికి లోటు లేదు గానీ, కూరల్లో ఏముందో అడిగితే అందరూ నవ్వేవారు. హలాల్ సంగతి ఎవరికీ తెలియదు. కనీజ్ ఉడికించిన గుడ్లు, అన్నం, ఆవకాయతో సర్దుకుంది. అది కష్టం కాదని చెప్పింది. నాలుగో తరగతి నోరు విప్పకపోవడం కష్టమైంది. పిల్లలు లేచి నిలబడి గుడ్ మార్నింగ్ టీచర్ అని పాట పాడినట్టు అని కూర్చుంటారు. ఆ తర్వాత సాయంత్రం దాకా తప్పు మాట్లాడతామేమోనని భయం.

ఇక్కడ ఆమెకు ఒక అర్హత అక్కరకొచ్చింది, బీఈడీలో చెప్పనిది. నవ్వులపాలు కావడం. ఇంట్లో నిదా దగ్గర ఏడేళ్లు శిక్షణ పొందింది. పిల్లల్ని అడిగి థాయి మాటలు నేర్చుకుని, వాళ్ల ముందు అప్పజెప్పడం మొదలుపెట్టింది. ఒక్కటీ సరిగా పలకలేదు. పిల్లలు మొదట చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు, తర్వాత చేతులు తీసేసి నవ్వారు. ప్లోయ్ అనే పిల్ల బల్ల దగ్గరికొచ్చి దిద్దింది. దిద్దాక, దానికి ఇంగ్లీషులో ఏమంటారో తనే అడిగింది. "నేను ఫస్టు బేవకూఫ్ అయిన అక్కా. ఇగ వాళ్లకు భయమేమున్నది" అంది ఫోన్లో. రెండో వారానికి పిల్లలు బర్రెల గురించీ, వాన గురించీ, వాళ్ల నానమ్మల గురించీ తప్పుల తడకగా ఇంగ్లీషులో వాగుతున్నారు.

ఇదంతా తరగతి గదిలో. బయట బ్యానరు మీద బంగారు జుట్టు అలాగే ఉంది. తల్లిదండ్రులు ప్రధానోపాధ్యాయురాలు సోంజిత్‌ను అడుగుతూనే ఉన్నారు, అసలు టీచరు ఎప్పుడొస్తారని. సోంజిత్ చెడ్డ మనిషి కాదు. కనీజ్‌ను "మిసెస్ రషీద్" అని పిలిచేది, భోజనం దగ్గర గుడ్డు తనే ఒలిచి పెట్టేది. ఆ చేత్తోనే టోవా పాయోకు రాసింది, వేరేవాళ్లను పంపమని. తర్వాత కనీజ్‌ను పిలిచి చిరునవ్వుతో చెప్పింది. "కొత్త వాలంటీరు గురువారం వస్తాడు. నాలుగో తరగతి అతనికిస్తాం. మీరు శనివారం బస్సుకు వెళ్లొచ్చు. గురువారం మా గురువుల పండగ. చూసి వెళ్లండి."

ఆ సాయంత్రం ఫోన్లో కనీజ్ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. 

"చూసి పొమ్మన్నదక్కా. కూసొమ్మనలే. గా దినం పిల్లలు మోకాళ్ల మీద వచ్చి టీచర్లందరికి పూలిస్తరంట. నాకిస్తరో లేదో చూస్త. ఇస్తే నేను టీచర్ని. లేకుంటె రషీద్ పెండ్లాన్ని, గుడ్లు తిని వాపసొచ్చిన."

"ఇస్తారులే."

"ఇస్తే గూడ కష్టమున్నది. పూలిచ్చినంక నేలకు తల ఆనిస్తరంట. మనిషికి మనిషి అట్ల వంగుడు మాకు పడదు. అల్లాకే వంగాలె."

"మాకు అలవాటేనమ్మా. కళ్లు మూసుకుని పుచ్చుకో" అన్నాను.

"మీకు నడుస్తది" అంది.

ఆమె ఒక ఉపాయం ఆలోచించింది. వేదిక మీద కుర్చీల వరసలో స్తంభం పక్కన చివరి కుర్చీ పడితే, పిల్ల వంగేలోపే లేచి, పువ్వు చేతిలోకి తీసుకుని పక్కకు తప్పుకోవచ్చు. పూవూ దక్కుతుంది, దేవుడికీ కోపం రాదు. గురువారం పొద్దున్నే వెళ్లి ఆ కుర్చీలో తన టిష్యూ పేపర్ల ప్యాకెట్ పెట్టి, నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వుజూ చేసుకోవడానికి వెళ్లింది.

సింగపూర్‌లో ఉన్నవాళ్లకు దీని అర్థం చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం హాకర్ సెంటర్లో జనం కిటకిటలాడుతుంటే, కుర్చీలో టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్లి తిండి తెచ్చుకుంటాం. చోప్ చేయడం అంటారు. ఎంత ఆకలి మీదున్నవాడైనా, ఎంత పెద్ద మేనేజరైనా, ప్యాకెట్ పెట్టిన కుర్చీ జోలికి రాడు. కనీజ్ ఏడేళ్లలో సింగపూర్‌ను పూర్తిగా నమ్మిన విషయం ఇదొక్కటే. దీన్ని తీసుకెళ్లి థాయిలాండ్‌లో ప్రయోగించింది.

తిరిగొచ్చేసరికి వేదిక ఊడ్చి పూలు చల్లారు. ఎవరో మరిచిపోయిన వస్తువనుకుని ప్యాకెట్‌ను చెత్తబుట్టలో వేశారు. ఆ కుర్చీలో ఆరడుగుల పైన ఒక యువకుడు, మోకాళ్లు గడ్డం దాకా వచ్చేలా ముడుచుకుని కూర్చున్నాడు. పేరు మారెక్. పోలండ్ వాడు. ఇంగ్లీషు ఇతనూ బడిలోనే నేర్చుకున్నాడు, మనలాగే. కానీ జుట్టు బంగారు రంగులో ఉంది, కాబట్టి తల్లిదండ్రుల మొహాలు వెలిగిపోయాయి.

కనీజ్‌కు ఉద్యోగం పోయినందుకు రాని కోపం, చోప్ చేసిన కుర్చీలో మనిషి కూర్చున్నందుకు వచ్చిందట. అయినా వేదిక దిగి, నాలుగో తరగతి పిల్లల పక్కన, నేల మీద, బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

మంత్రాలయ్యాయి. తరగతి తరవాత తరగతి నుంచి ఇద్దరేసి పిల్లలు పూలపళ్లెం పట్టుకుని, మోకాళ్ల మీద నడుస్తూ వెళ్లి తమ టీచరుకిచ్చి, నేలకు తల ఆనించి వస్తున్నారు. నాలుగో తరగతి వంతు వచ్చింది. ప్లోయ్, ఇంకో పిల్లా పళ్లెం పట్టుకుని మారెక్ ముందు దాకా వెళ్లారు. మారెక్ చేతులు చాచాడు. ప్లోయ్ అతన్ని చూసింది, సోంజిత్‌ను చూసింది, మోకాళ్ల మీదే వెనక్కి తిరిగింది. రెండోపిల్ల కూడా తిరగక తప్పలేదు, పళ్లెం ఒకటే కదా. ఇద్దరూ వేదిక దిగి కనీజ్ ముందుకొచ్చారు. వెనకున్న తరగతి మొత్తం ఆమె వైపు తిరిగింది.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. ఆ ఊళ్లో పిల్లల తల గురువు తలకన్నా ఎత్తులో ఉండకూడదు. గురువేమో నేల మీద ఉంది. ప్లోయ్ నడుం వంచింది. వద్దు బిడ్డా అని లేపడానికి కనీజ్ ముందుకు వంగింది. ఆమె తల కిందికి రావడంతో ప్లోయ్ మోచేతుల మీదికి దిగింది. కనీజ్ ఇంకా వంగింది. ప్లోయ్ గడ్డం నేలకు ఆనింది. వెనక పిల్లలు ఇది చూసి కంగారుపడి, వరసలు వరసలుగా కిందికి జారారు. ఆఖరికి నాలుగో తరగతి మొత్తం ఎండబెట్టిన అప్పడాల్లా గచ్చు మీద బోర్లా పడుకుంది. మధ్యలో కనీజ్, ముక్కు నేలకు రెండంగుళాల ఎత్తులో, "గెటప్, గెటప్" అంటోంది. గురువు అలా పడి ఉండగా లేచే పిల్ల ఏ దేశంలోనూ ఉండదు.

మైకులో పాట ఆగిపోయింది. తల్లిదండ్రులు మెడలు సాచి చూస్తున్నారు. మారెక్ ఏం చేయాలో తెలియక కెమెరా తీశాడు.

సోంజిత్ లేచింది. పట్టుబట్టల్లో ఉన్న మనిషి, తన కుర్చీని తనే ఎత్తుకుని, వేదిక మెట్లు దిగి వచ్చి కనీజ్ వెనక దించింది.

"మీరు కింద కూర్చుంటే పిల్లలు ఎక్కడికి పోవాలి? భూమిలోకా?" అంది. తర్వాత అందరికీ వినపడేలా అంది. "కూర్చోండి, ఖ్రూ కనీజ్."

ఖ్రూ అంటే వాళ్ల భాషలో గురువు. అప్పటిదాకా ఆమె మిసెస్ రషీద్. కనీజ్ లేచి కుర్చీలో కూర్చుంది. పిల్లలు మోకాళ్ల దాకా లేచి ఊపిరి పీల్చుకున్నారు. ప్లోయ్ నలిగిన పూలపళ్లెం ఇచ్చి, నేలకు తల ఆనించింది. ఈసారి కనీజ్ లేవలేదు.

శనివారం బస్సు ఆమె లేకుండా వెళ్లింది. మారెక్‌కు పెద్ద తరగతులిచ్చారు. బ్యానరు ఏమైందో నేను అడగలేదు. ఆరు వారాలూ పూర్తి చేసుకుని వచ్చాక, మారెక్ తీసిన ఫొటో నిదాకు చూపించింది. "వై దే ఆల్ స్లీపింగ్ ఇన్ యువర్ క్లాస్?" అని అడిగింది నిదా. కనీజ్ సంగతంతా చెప్పింది, ఇంగ్లీషులోనే. నిదా ఒక్కచోట కూడా దిద్దకుండా వింది. ఆ సంగతి నాకు చెప్పేటప్పుడు మాత్రం కనీజ్ కళ్లు తుడుచుకుంది.

నా నోరు ఊరుకోదు కదా. "మరి దేవుడి సంగతి? పిల్లలు కాళ్ల ముందు వంగుతుంటే కుర్చీలో కూర్చున్నావు కదా" అన్నాను.



"భయమైతే అయిందక్కా. ఏడేండ్ల సంది నన్ను టీచరని ఒక్కరు పిలువలే. ఆ మాట ఇనంగనే ఎవరికన్న షుక్రియా చెప్పాలె అనిపించింది. పిల్ల వంగినప్పుడు నేను గూడ తల వంచిన, కుర్చీల కూసొనే. ఎవరికి వంచిన్నో ఆయనకు ఎర్కే."