పాత కంప్యూటర్‌లో ఆ పిల్ల రాసిన మాటలు

లెక్కల మేడం పోయారు. మొన్న పొద్దున వాళ్ల తమ్ముడు విజయనగరం నుంచి ఫోన్ చేసి చెప్పాడు. కిడ్నీలు పాడై చాన్నాళ్లుగా మంచం మీదే ఉన్నారట. ఆ సంగతి కూడా నాకు తెలియదు. మన్యంలో హుకుంపేట దగ్గరి ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో ఆమె లెక్కలు, నేను తెలుగు చెప్పేవాళ్లం. ఒకే గదిలో ఉండేవాళ్లం. ఈ నాలుగు మాటలు నేను కంప్యూటర్ మీద కొట్టగలుగుతున్నానంటే, అది ఆమె నేర్పిన విద్యే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, విశాఖపట్నంలో ఏదో ఆఫీసు వదిలించుకున్న పాత కంప్యూటర్లు మా బడికొచ్చాయి. లోపల ఏమీ లేదు, డిస్కులు తుడిచేసి పంపారు. వాటితో ఇచ్చిన సీడీల్లోని ఆపరేటింగ్ సిస్టం ఏమో ఆ మెషిన్లకన్నా చాలా కొత్తది. ఎక్కించబోతే సగంలో ఆగిపోయేది. బొమ్మలు రావాల్సిన చోట తెర నల్లబడిపోయేది. మేడం సెలవు పెట్టి విశాఖ వెళ్లి షాపుల్లో అడిగారు. "ఇంత పాతవాటిని నడిపించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఇప్పుడెవరూ ఇవ్వరమ్మా, తూకానికి అమ్మేయండి" అన్నారట.

మేడం ఒప్పుకోలేదు. గాజులు తీసి కిటికీలో పెట్టి, మూతలు విప్పి, మిగతా వాటిలోని మెమొరీ చిప్పులు పీకి ఒకదాంట్లో గుచ్చేవారు. వానాకాలం చెమ్మ పడితే కొంగుతో తుడిచి బల్బు దగ్గర ఆరబెట్టేవారు.

"ఏటి మేడం, ఆ డొక్కుతో ఈ పాట్లు?" అని వంటామె అడిగేది.

"దానికి రాంది అడిగితే ఏటి లాభం? దానికొచ్చిందేటో అడగాల" అనేవారు. వెనకబడిన పిల్లల గురించీ ఇదే మాట.

చివరికి బొమ్మలు వద్దనుకుని, ఉత్త అక్షరాలే కనిపించే పద్ధతిలో సిస్టం వేస్తే ఒక్క మెషిన్ లేచింది. అందులో రంగుల్లేవు, మౌస్ లేదు, తెలుగూ లేదు. పిల్లలు మన మాటల్నే ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టేవారు. ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె అందరికన్నా ముందు నేర్చుకుంది. తన ఇంటి గురించి రాసి అందులో దాచుకుంది. "మా అమ్మ కాఫీ పళ్లు కోస్తది. నాకు కాళ్లు నొప్పెడితే ఎత్తుకుంటది. ఇప్పుడు నేను బరువు."

ఆ వానల్లోనే ఆ పిల్లకు మలేరియా వచ్చి మెదడుకెక్కింది. జీపు దొరికి ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం పోయింది.

తర్వాత సంతరోజుల్లో వాళ్లమ్మ బడికొచ్చేది. ఆమెకు చదువు రాదు. మేడం మెషిన్ ఆన్ చేసి ఆ మాటలు చదివి వినిపించేవారు. ఆమె తెర మీది అక్షరాలను వేలితో తాకి, బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయేది.

కొన్నాళ్లకు, అన్ని బళ్లలో ఒకే సిస్టం ఉండాలని పైనుంచి ఆర్డరొచ్చింది. ఒక టెక్నీషియన్ వచ్చాడు.

"బాబూ, దీనికది పడదు. మెమొరీ సాలదు. ఇందులో ఓ పిల్ల రాసింది ఉంది, ముందది తీసిపెట్టు" అన్నారు మేడం.

ఫ్లాపీ పనిచేయలేదు. అతను తెచ్చిన పెన్ డ్రైవ్‌ను ఆ మెషిన్ గుర్తుపట్టలేదు.

"పాతది అలాగే ఉంటది మేడం. పక్కన జాగా చేసి కొత్తది వేస్తాను" అన్నాడు. మేడం తలూపారు.

జాగా చాలలేదు. డిస్కంతా తుడుచుకుపోయింది. కొత్తది సగంలో ఆగింది. ఆ తర్వాత ఎంత తంటాలు పడినా పాతది కూడా ఎక్కలేదు. అతను అన్నం కూడా తినకుండా తలదించుకుని వెళ్లిపోయాడు. మేడం అతన్ని ఒక్క మాట అనలేదు. "నేను తలూపకుండా ఉండాల్సింది" అని మాత్రం నాతో అన్నారు.

సంతరోజు ఆ తల్లి వచ్చింది. మేడం వరండాలో ఆమె పక్కనే నేల మీద కూర్చుని జరిగింది చెప్పేశారు.

"పోయిందా?" అందామె.

"పోయిందమ్మా. నాకు నోటికొచ్చు. నువ్వెప్పుడొచ్చినా సెప్తాను."

"నువ్వు సెప్తే నీ మాటవుద్దమ్మా. అది నా ఆడగుంట సేతేళ్లతో కొట్టింది" అందామె.

మేడం లేచి లోపలికెళ్లారు. కీబోర్డు ఊడదీసి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టారు. "దీని మీదే కొట్టీది" అన్నారు.

"బడి సామాను కదా మేడం, ఎవరైనా అడిగితే?" అన్నాను నేను.

"అడగనీ. నేను సెప్పుకుంటాను."

ఆ తల్లి దాన్ని బుట్టలో పెట్టి, తడవకుండా పైన అడ్డాకులు కప్పింది. బుట్ట నెత్తికెత్తుకుని వానలో కొండదారి పట్టింది. ఆకుల సందులోంచి జారిన వైరు ఆమె భుజం మీద ఊగుతోంది. చూరు నీళ్లు మీద పడుతున్నా జరగకుండా, మేడం వరండా అంచున నిలబడి అటే చూస్తున్నారు.